ఆరు ఫోన్ల ఆఫీసుకి క్లౌడా, సొంత పీబీఎక్సా? ముందు రూటర్ చూడండి

ఆఫీసులో ఆరు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టి చూస్తున్నాం, ట్రయల్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి మాట తెగిపోతోంది, పెద్ద క్లౌడ్ ప్లాన్ (బయటి కంపెనీ సర్వర్ల మీద నడిచే ఫోన్ సర్వీసు) తీసుకోవాలా, ఆఫీసులోనే ఐపీ పీబీఎక్స్ (ఇంటర్నెట్ కాల్స్‌ని ఫోన్లకి కలిపే సొంత ఎక్స్ఛేంజి) పెట్టాలా అని అడిగారు కదా. రెండూ ఇప్పుడే వద్దండి.

జి.711 కోడెక్‌లో (మాటని డేటాగా మార్చే ఒక పద్ధతి) ఒక కాల్‌కి అటు ఇటు చెరో 90 కేబీపీఎస్ లోపే పడుతుంది, అంటే ఆరుగురూ ఒకేసారి మాట్లాడినా అర ఎంబీపీఎస్ చుట్టుపక్కలే, కాబట్టి స్పీడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. సాధారణంగా గొడవంతా అప్‌లోడ్‌లో ఉంటుంది. ఎవరో పెద్ద ఫైళ్లు పంపుతుంటారు, సీసీ కెమెరా బ్యాకప్ క్లౌడ్‌కి పోతుంటుంది, మాట ప్యాకెట్లు వాటి వెనక క్యూలో నిలబడతాయి. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి వాయిస్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్ ప్యాకెట్లలో రూటర్ వేలు పెట్టే సెట్టింగ్) ఆపేయండి, చాలా రూటర్లలో అది ఆన్‌లోనే వస్తుంది, ఫోన్ ఎత్తితే ఒకవైపే వినిపించడానికి తరచూ కారణం అదే.

ఇది సర్దుకున్నాక ఆరుగురికి క్లౌడే చాలు. సొంత పీబీఎక్స్‌కి వాడే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ అప్‌డేట్లు, పాస్‌వర్డ్‌లు చూసే మనిషి లేకపోతే రాత్రికి రాత్రి ఎవడో చొరబడి విదేశాలకి కాల్స్ చేస్తాడు, బిల్లు మీకొస్తుంది. ఏది తీసుకున్నా ఐఎస్‌డీ బ్లాక్ చేయించండి.

మరీ చవకగా కాల్స్ ఇస్తామనేవాళ్ల జోలికి పోకండి, మామూలు ఫోన్ నెట్‌వర్క్‌కి కలపాలంటే మన దేశంలో లైసెన్సున్న టెలికాం ఆపరేటర్ ద్వారానే కలపాలి.

కరెంటు పోతే ఫోన్లూ పోతాయి, అందుకని ఫైబర్ డబ్బా, రూటర్, స్విచ్ మూడూ యూపీఎస్ మీదే పెట్టండి. పాత ల్యాండ్‌లైన్ మాత్రం అప్పుడే సరెండర్ చేయకండి.