బాడుగ ఒకటే, ఇంగ్లిష్ మాటలు నాలుగు

ప్రశ్న: ఇంటికీ బాడుగే అంటాం, ట్రాక్టర్‌కూ బాడుగే అంటాం. ఇంగ్లిష్‌లో రెంట్, లెట్, హైర్, లీజ్ అని నాలుగున్నాయి. ఏది ఎక్కడ వాడాలి?
- డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు ఎవరి వైపు నుంచి మాట్లాడుతున్నారో చూసుకోండి. ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. 'బాడుగకిచ్చినా', 'బాడుగకు తీసుకున్నా' అని తెలుగులో క్రియే తేల్చేస్తుంది. రెంట్ ఇద్దరికీ ఒకటే మాట. ఓనరు 'ఐ రెంటెడ్ ఎ హౌస్ ఇన్ కర్నూల్' అంటే, వినేవాళ్లు ఆయనే బాడుగకు దిగాడనుకుంటారు. 'ఐ రెంటెడ్ అవుట్ మై హౌస్' అనాలి. 'గేవ్ ఫర్ రెంట్' అనడం తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పలకడమే.

లెట్ ఓనరు మాట మాత్రమే. గేటుకు టూలెట్ బోర్డు కట్టేది ఆయనే కదా. భూతకాలంలోనూ లెట్టే.

కొద్దిరోజుల పనికైతే హైర్. శనక్కాయ విత్తడానికి ట్రాక్టర్ మాట్లాడుకుంటే 'వి హైర్డ్ ఎ ట్రాక్టర్ ఫర్ టూ డేస్'. పెళ్లికి షామియానా, ఒకరోజు కల్యాణమండపం కూడా అంతే. కాపురముండే ఇంటికి హైర్ అనకండి. అమెరికాలో వస్తువులకు రెంట్ అంటారు, హైర్ ఎక్కువగా మనుషులను పనిలో పెట్టుకోవడానికే.

లీజ్‌కు మన దగ్గరి మాట గుత్త: ఇంత కాలానికి ఇంత అని ముందే ఒప్పందం. పంటలో వాటా ఇచ్చే కోరుకు ఈ మాట కుదరదు, అది షేర్‌క్రాపింగ్. ఇచ్చేవారు లెసర్, తీసుకునేవారు లెసీ. పేయీ అంటే డబ్బు అందుకునేవారైనట్టే ఇదీ. ఇంటి అగ్రిమెంటు 11 నెలలకే రాయించుకుంటారు, ఎందుకంటే 1908 కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి; ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత ఏ లీజునైనా చేయించాల్సిందే. అలాగని 11 నెలలది లీజు కాకుండా పోదు. బెంగళూరులో ఇల్లు లీజుకు అంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టి, నెలబాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవడం. విదేశీయులతో ఆ అర్థంలో వాడితే వాళ్లకు అర్థం కాదు.

ప్రశ్న: బస్సు ఛార్జీని ఇంగ్లిష్‌లోనూ ఛార్జ్ అనవచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: ప్రయాణానికి ఇచ్చేది ఫేర్. 'వాట్ ఈజ్ ది ఫేర్ టు ప్రొద్దుటూరు?' అని అడగండి. డాక్టరుకు, లాయరుకు, కాలేజీకి కట్టేది ఫీ. ఇంటికి తెచ్చిచ్చినందుకు తీసుకునే డెలివరీ డబ్బుల్లాంటివి ఛార్జ్.