చదివేది పిల్లలు, డబ్బు కట్టేదెవరు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయన వడ్రంగి, సొంత షాపు ఉంది. పెళ్లిళ్లకి మంచాలు, బీరువాలు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అందుకని చదువుకునే పిల్లలకి తక్కువ ధరలో మడత బల్లలు, పుస్తకాల అరలు చేసి అమ్ముదామనుకుంటున్నాం. బల్లకి 1,400 ఖర్చవుతుంది, 1,900కి అమ్మొచ్చు. చేతిలో 2 లక్షలున్నాయి. ఇంకో 4 లక్షలు లోను తీసుకుందామని ఆయన అంటున్నారు. ఊళ్లో ఇన్ని కాలేజీలున్నాయి, చదువుకునే ప్రతివాళ్లూ మా కస్టమర్లే కదా! లోను తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు లోను లెక్కే చూద్దాం. 4 లక్షలు, 12 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే నెల వాయిదా దాదాపు 13,300. బల్లకి 500 మిగులుతుందన్నారు కాబట్టి నెలకి 27 బల్లలు అమ్మితే వాయిదాకే సరిపోతుంది, ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అడ్మిషన్ల హడావిడిలో 27 పోతాయేమో. మరి జనవరిలో? అమ్మకం ఉన్నా లేకపోయినా వాయిదా తేదీ మాత్రం ఆగదు. పైగా ఆ 1,400లో మీ ఆయన కూలి వేశారో లేదో రాయలేదు. వేయకపోతే మిగిలే 500 లాభం కాదు, ఆయన కష్టం.

కాలేజీలో ఎంతమంది చదువుతున్నారన్న లెక్క మీకు పనికిరాదు. కాలేజీ హాస్టల్లో ఉండేవాళ్లకి మంచం, బల్ల అక్కడే ఇస్తారు. ఇంటి నుంచి వచ్చి వెళ్లేవాళ్లు ఉన్న బల్లతో సరిపెట్టుకుంటారు. మీకు మిగిలేది బయట రూము తీసుకుని ఉండేవాళ్లు. మోహనా, గుమ్మా వైపు నుంచి వచ్చి శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీలో చేరి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది తీసుకునే పిల్లలు. వాళ్లకి బల్ల అవసరం నిజమే. ఆ గదులు చూస్తే తెలుస్తుంది, చాప మీద బోర్లా పడుకుని నోట్సు రాస్తుంటారు. కానీ రూము అడ్వాన్సు, ఫీజు, గ్యాసు స్టవ్వు అయ్యాక ఆ పిల్లవాడి తండ్రి జేబులో 1,900 మిగలదు. రెండు మూడేళ్లలో ఖాళీ చేసి వెళ్లేటప్పుడు దాన్ని బస్సు మీద ఎక్కించుకుపోవాలి కూడా. వాడుకునేది ఆ పిల్లవాడే, కొనగలిగేది మాత్రం అతను కాదు.

పెద్ద ప్రైవేటు హాస్టల్ వాళ్లు ఒకేసారి 60 బల్లలు అడుగుతారు. వినగానే సంతోషంగా ఉంటుంది. అందులో మీ డబ్బు 84,000. డబ్బు మూడు నెలల్లో ఇస్తామంటే ఆ మూడు నెలలూ ప్లైవుడ్ షాపువాడికి మీరే సర్దుకోవాలి. మీలాంటి చిన్న షాపుకి ఆ టెన్షన్ వద్దనే నా గట్టి అభిప్రాయం.

నేనైతే నాలుగు నుంచి ఆరు గదులు పిల్లలకి అద్దెకిచ్చే ఇంటి ఓనర్‌ని పట్టుకుంటాను. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు, కింద తాము ఉంటారు, పైన గదులు. అద్దె నెలనెలా చేతికొస్తుంది కాబట్టి కొనే శక్తి ఉంది. పిల్లలు మారినా బల్ల గదిలోనే ఉంటుంది. గదికి ఇద్దరు, ఆరు గదులంటే 12 బల్లలు. ఒకేసారి అన్ని కొంటే ధర 1,750 అని చెప్పండి. పిల్లవాడికి నెలకి వంద అద్దె పెంచినా ఏడాదిన్నరలో బల్ల డబ్బు వచ్చేస్తుందని ఓనర్‌కి లెక్క వేసి చూపించండి. పక్కింట్లో బల్ల లేని గది కంటే ఇదే ముందు నిండుతుందని కూడా చెప్పండి.

ఆ ఓనర్‌కి బల్ల అందం పట్టదు. గోడకి మేకు కొట్టకూడదు. ఇరుకు మెట్ల మీంచి ఎక్కాలి. ఇల్లు తుడిచిన తడి బల్ల కాళ్లకి తగిలి, చెక్కపొట్టుని జిగురుతో అద్ది చేసే పార్టికల్ బోర్డు అయితే ఒక్క వానాకాలానికే అడుగున ఉబ్బిపోతుంది. కాళ్లకి రబ్బరు బుష్ వేయండి, మడత దగ్గర బందులు కాస్త మంచివి వాడండి. ఏడాదికోసారి వచ్చి మరలు బిగిస్తామని మాటివ్వండి. ఊళ్లో వడ్రంగికే సాధ్యమయ్యే మాట అది, ఆన్‌లైన్లో అమ్మేవాడు ఇవ్వలేడు.

ఇప్పుడు డబ్బు లెక్క ఎలా మారుతుందో చూడండి. 12 బల్లల ఆర్డరు 21,000. సగం, అంటే 10,500 అడ్వాన్సు తీసుకోండి. ఖర్చు 16,800 కాబట్టి మీ చేతి నుంచి పెట్టేది 6,300 మాత్రమే. లక్ష రూపాయలతో ఒకేసారి పదిహేను ఇళ్ల ఆర్డర్లు నడపొచ్చు. ఈ ఏడాది లోను ఎందుకు చెప్పండి? ఒక సీజన్ గడిచాక కోత మిషనుకో మరొకదానికో కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోను కింద లక్ష వరకు చూద్దాం, దానికి పూచీకత్తు అడగరు. బంగారం జోలికి మాత్రం వెళ్లొద్దు.

సరిహద్దులో ఉన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఒడిశాలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే కదా అని అక్కడి చిరునామాకి బిల్లు వేసి బల్లలు పంపితే మాత్రం అది అంతర్రాష్ట్ర అమ్మకం. అప్పుడు టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద 1 శాతం కడితే సరిపోయే కాంపోజిషన్ స్కీము కూడా రాష్ట్రం దాటి అమ్మేవాళ్లకి వర్తించదు. చెక్క ఫర్నిచర్ మీద 18 శాతం పడితే మీ 1,750 బల్ల 2,065 అవుతుంది. మొదటి ఏడాది ఇటువైపు ఇళ్లతోనే ఉండండి.

సరుకు కొనే ముందు మూడు బల్లలు చేసి, టు-లెట్ బోర్డులున్న ఇళ్లకి ఒకటి పట్టుకెళ్లండి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అడ్వాన్సు ఇస్తారా అని అడగండి. ఓనర్లు గదులకి సున్నం వేయించుకునే మే నెలలోనే ఈ పని అవ్వాలి, పిల్లలు దిగిపోయాక ఎవరూ కొనరు. 2 లక్షల్లో ఒక లక్ష ఇంటి ఖర్చులకని ముట్టుకోకుండా ఉంచండి. ఆ మూడు బల్లలకి అయిన ఖర్చు, మీ ఆయన కూలితో సహా, రాసి పంపితే 1,750 సరిపోతుందో లేదో మళ్లీ లెక్క వేద్దాం.