కాలేజీలో అధ్యాపకుల సంఘం: సభ్యులెవరో ముందు తేల్చుకోండి, పదవుల మాట తర్వాత

మహబూబ్‌నగర్ నుంచి ఒక లెక్చరర్ సార్ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నలభై మంది దాకా అధ్యాపకులున్నారు. సంఘం పెట్టుకుందామంటే ప్రిన్సిపాల్ గారు "స్టాఫ్ కౌన్సిల్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అంటున్నారట. అధ్యక్షుడిగా ఎవరిని పెట్టాలి, రిజిస్ట్రేషన్ అవసరమా, పార్ట్ టైమ్ వాళ్లను చేర్చుకోవాలా అని సార్ సందేహం.

నేను నల్లగొండలో అలాంటి కాలేజీలోనే చాలా ఏళ్లుగా కామర్స్ చెబుతున్నాను. మా సంఘంలో కోశాధికారిగా చేశాను, తర్వాత ప్రధాన కార్యదర్శిగా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను సార్, అధ్యక్షుడి పేరు గురించి ఇప్పుడే మాట్లాడుకోకండి. ఆ చర్చ మొదలైందంటే మిగతావన్నీ ఆగిపోతాయి.

ప్రిన్సిపాల్ గారి మాటకు జవాబు సూటిగానే ఉంది. స్టాఫ్ కౌన్సిల్‌ను పిలిచేది ఆయనే, అధ్యక్షత వహించేది ఆయనే, ఎజెండా ఆయనదే. టైం టేబుల్, ఇంటర్నల్ పరీక్షలు, న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) పనులు అక్కడ మాట్లాడుకోవాల్సినవే. అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీల్లో గవర్నింగ్ బాడీలో (పాలక మండలిలో) అధ్యాపకులు కూర్చుంటారు కానీ వాళ్లను మనం ఎన్నుకోం, నామినేట్ చేస్తారు. మన జీతం గురించి, పీఎఫ్ గురించి, తీసేసిన తోటి లెక్చరర్ గురించి మనమే ఎజెండా రాసుకుని మాట్లాడుకునే చోటు సంఘం ఒక్కటే. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక సభ్యత్వం. నియమావళిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మా దగ్గర మొదటి ముసాయిదాలో "రెగ్యులర్ అధ్యాపకులు మాత్రమే" అని ఉండేది. పార్ట్ టైమ్ వాళ్లు, గెస్టు లెక్చరర్లు ఏడాదికొకరు మారిపోతారు, వాళ్లకు ఓటిస్తే సంఘం నిలవదు అని సీనియర్ల వాదన. అప్పుడు గెస్టుగా చేస్తున్న ఒక మేడమ్ లేచి, "చందా మా దగ్గర కూడా తీసుకుంటామంటున్నారు, మరి ఓటెందుకు ఉండదు సార్?" అని అడిగారు. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఒక సెమిస్టరు పూర్తిగా పాఠం చెప్పిన ఎవరైనా పూర్తి సభ్యులే, ఓటూ ఉంటుంది, పోటీ కూడా చేయొచ్చు అని రాసుకున్నాం.

దాని విలువ తర్వాత తెలిసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని మేనేజ్‌మెంట్ నెలల తరబడి జీతాలు ఆపింది. ఇలాంటప్పుడు యాజమాన్యాలు చేసే పని ఒకటుంది. రెగ్యులర్ వాళ్లు గట్టిగా అడిగితే గెస్టులతో క్లాసులు నడిపిస్తాయి, గెస్టులు అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటాయి. మా వినతిపత్రం మీద అందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు కాబట్టి ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. పాత బకాయిలు ఒకేసారి రాలేదు, విడతలుగా వచ్చాయి. కానీ ఏ నెలది ఏ తేదీన ఇస్తారో రాసిచ్చారు. గెస్టులను బయట పెట్టి ఉంటే ఆ కాగితం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ప్రిన్సిపాల్ సభ్యుడిగా ఉండకూడదు. ఆయన మంచివారైనా సరే, ఆయన కుర్చీ మేనేజ్‌మెంట్ తరఫు కుర్చీ. హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ల అధిపతులు) ఉండొచ్చు. లైబ్రేరియన్, ఫిజికల్ డైరెక్టర్‌ను మర్చిపోవద్దు, వాళ్లనూ చేర్చుకోండి. నాన్ టీచింగ్ వాళ్ల సమస్యలు వేరుగా ఉంటాయి, వాళ్లకు వేరే సంఘం ఉండి రెండూ కలిసి పనిచేస్తే మంచిది. ప్రైవేటు కాలేజీలకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. కరస్పాండెంట్ గారి (మేనేజ్‌మెంట్ తరఫున కాలేజీ నడిపే వ్యక్తి) బంధువులు కూడా స్టాఫ్‌లో ఉంటారు. వాళ్లు సభ్యులుగా ఉండటంలో తప్పు లేదు, మేనేజ్‌మెంట్ సొసైటీలో ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబీకులు పదవులకు పోటీ చేయకూడదు అని మాత్రం రాయండి. మొదట్లోనే రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు. మనిషి ఎదురుగా నిలబడ్డాక రాయడం కష్టం.

సంఘంలో అసలు అధికారం జనరల్ బాడీది, అంటే సభ్యులందరిదీ. కార్యవర్గం దాని మాట అమలు చేస్తుంది. ఇది అందరూ ఒప్పుకునే మాటే, కానీ ఆచరణలో జనరల్ బాడీని పిలవాల్సింది కార్యదర్శి. ఆయన పిలవకపోతే? మాకు తెలిసిన ఒక కాలేజీలో అదే జరిగింది. కార్యదర్శి ఏళ్ల తరబడి సమావేశమే పెట్టలేదు, తీసేయాలంటే సమావేశం కావాలి, సమావేశం పిలిచేది ఆయనే. అందుకని ఈ నిబంధన తప్పకుండా పెట్టుకోండి: నాలుగో వంతు సభ్యులు సంతకం చేసి కోరితే పది రోజుల్లో జనరల్ బాడీ పిలవాలి, పిలవకపోతే సంతకం చేసినవాళ్లే నోటీసు ఇచ్చి జరుపుకోవచ్చు. మా నియమావళిలో ఏ ఒక్క వాక్యం ఉంచమంటే నేను దీన్నే ఉంచుతాను.

కార్యదర్శి చేతిలో చాలా ఉంటుంది సార్. అధ్యక్షుడు సభ నడుపుతాడు, ఉత్తరాలు రాసేది, మినిట్స్ పుస్తకం పెట్టేది, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేది కార్యదర్శి. కాబట్టి కార్యవర్గ తీర్మానం లేకుండా ఏ ఉత్తరమూ పోకూడదు, ఒక్కరే వెళ్లి ఛాంబర్‌లో మాట్లాడి రాకూడదు, కనీసం ఇద్దరు వెళ్లాలి అని పెట్టుకున్నాం. కొందరికి ఇది అనుమానంలా కనిపించింది. నిజానికి ఇది కార్యదర్శిని కాపాడేది. ఒంటరిగా లోపలికి వెళ్లొచ్చిన మనిషి మీద పుకారు పుట్టడానికి స్టాఫ్ రూములో పది నిమిషాలు చాలు.

కార్యవర్గంలో అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి, ఇంకో నలుగురు సభ్యులు ఉంటే మీ సంఖ్యకు సరిపోతుంది. రెండేళ్ల పదవీకాలం, ఒకే పదవిలో వరుసగా రెండుసార్లకు మించకూడదు. ఐదు ప్రధాన పదవుల్లో రెండు మహిళలకు ఉండాలని రాయండి. తెలుగు, హిందీ లాంటి చిన్న డిపార్ట్‌మెంట్లు ఎప్పుడూ మిగిలిపోతుంటాయి, భాషలన్నిటికీ కలిపి ఒక చోటు ఉంచండి.

ఎన్నికల దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మన ప్రాంతంలో ఏకగ్రీవం అంటే గొప్ప. పంచాయతీ ఎన్నికల్లో చూస్తూనే ఉంటాం. కానీ కాలేజీ సంఘంలో ఏకగ్రీవం అంటే ముగ్గురు నలుగురు సీనియర్లు ముందురోజు కూర్చుని, కులం లెక్క, ఊరి లెక్క చూసుకుని పేర్లు పంచుకోవడమే ఎక్కువసార్లు. పోటీ ఉంటే రహస్య బ్యాలెట్ పెట్టండి, ఉపసంహరించుకోమని ఎవరినీ బతిమాలకండి. ఎన్నికల అధికారిగా వేరే కాలేజీలో రిటైరైన సార్‌ను పిలవండి. ఓటర్ల జాబితా వారం ముందే నోటీసు బోర్డు మీద ఉండాలి. ముగ్గురు పోటీలో ఉంటే ప్రాధాన్య ఓటు పెట్టుకోవచ్చు. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని వేసే అలవాటు మనవాళ్లకు ఎలాగూ ఉంది. మా దగ్గర ఒకసారి అలా చేశాం, ఓడినవాళ్లు కూడా లెక్కను ఒప్పుకున్నారు.

కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన హాజరు, మూడో వంతు చాలు, కానీ సమావేశం వేళ చూసుకోండి. మీ దగ్గర షాద్‌నగర్, జడ్చర్ల నుంచి, హైదరాబాద్ నుంచి అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఉంటారు. మాకు మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లున్నారు. నాలుగు దాటితే అందరి చూపూ బస్సు మీదే. లంచ్ టైములో పెట్టినప్పటి నుంచే మాకు మేడమ్‌లందరూ రావడం మొదలైంది. నియమావళి సవరణకు మాత్రం హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మద్దతు ఉండాలని పెట్టండి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. నెలకు వంద రూపాయల చందా అనుకుందాం, అది కోశాధికారి సొంత ఫోన్‌పేలోకి పోకూడదు. సంఘం పేరుతో ఖాతా తెరవాలి, ముగ్గురిలో ఇద్దరి సంతకంతోనే డబ్బు బయటికి రావాలి. సాధారణ నిధి, సంక్షేమ నిధి వేరు చేయండి. లేకపోతే వీడ్కోలు సభల శాలువాలకు, మెమెంటోలకే అంతా పోతుంది, తోటి మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేతిలో ఏమీ ఉండదు. జమా ఖర్చు ప్రతి నెలా స్టాఫ్ రూము గోడకు అంటించేవాణ్ని. ఎవరూ అడగకముందే కనిపించాలి.

ఖాతా తెరవడానికి బ్యాంకు వాళ్లు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్ అడుగుతారు. అందుకే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవడం మేలు. తెలంగాణలో ఇప్పుడు అమల్లో ఉన్నది 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అంతకుముందు మన ప్రాంతానికి ఫసలీ 1350 (నిజాం కాలంలో వాడిన సంవత్సర లెక్క) నాటి చట్టం ఉండేది, పాత విద్యాసంస్థల కాగితాల మీద ఇప్పటికీ ఆ మాట కనిపిస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు, మెమోరాండం (సంఘం ఉద్దేశాలు రాసిన పత్రం), బైలాలు (నియమావళి), చిరునామా రుజువు ఉంటే చాలు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని. అయిపోయిందని వదిలేయొద్దు, ఏటా జనరల్ బాడీ జరిపి, కార్యవర్గం జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. సంఘంలో గొడవ వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు, మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోవాల్సి వస్తుంది.

కార్మిక సంఘంలా లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు కదా అని మా కుర్ర లెక్చరర్లు అడుగుతుంటారు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు 'వర్క్‌మెన్' (కార్మికులు) కారని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది. అలాగని మనకు ఏమీ లేదని కాదు. విచారణ లేకుండా తీసేయకూడదని 1982 విద్యా చట్టంలో ఉంది. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం) చట్టాన్ని 2009లో సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచే ఉపాధ్యాయులకు వర్తింపజేశారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఐదేళ్లు చేసి మానేసిన ప్రైవేటు లెక్చరర్లలో ఎంతమంది గ్రాట్యుటీ అడగకుండానే వెళ్లిపోతున్నారో చూస్తే బాధేస్తుంది. ఈ ఒక్క విషయం అందరికీ చెప్పినా సంఘం పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే సంఘం కూర్చుని రాజీ చేయకూడదు. దానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉంటుంది. ఫిర్యాదు చేసినవారికి తోడుగా నిలబడటం వరకే మన పని. మేం దీన్ని కూడా రాసిపెట్టుకున్నాం.

ఎమ్మెల్సీ ఎన్నికల సంగతి కూడా చెప్పాలి. మాది వరంగల్–ఖమ్మం–నల్లగొండ, మీది మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ టీచర్ల నియోజకవర్గం. గడిచిన ఆరేళ్లలో మూడేళ్లు బోధించినవాళ్లకు ఓటు హక్కు ఉంటుంది, ప్రైవేటు వాళ్లకూ ఉంటుంది. జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి ఓటరుగా నమోదుకు ఫారం 19 నింపించడం, సర్వీసు ధ్రువీకరణ ఇప్పించడం సంఘం చేయాల్సిన పని. కానీ సంఘం లెటర్‌హెడ్ మీద ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదు. ఎవరి ఓటు వాళ్లది. ఆ నిబంధన లేని సంఘాలు ఎన్నిక అయ్యేసరికి రెండుగా చీలడం కళ్లారా చూశాను.

మీరు ఏడుగురితో అడ్‌హాక్ (తాత్కాలిక) కమిటీ వేసుకోండి, మూడు నెలల గడువు పెట్టండి. ఆ కమిటీలో ఉన్నవాళ్లు మొదటి ఎన్నికలో అధ్యక్ష, కార్యదర్శి పదవులకు పోటీ చేయకపోతే ముసాయిదా మీద ఎవరికీ అనుమానం ఉండదు. స్పాట్ వాల్యుయేషన్‌కు (జవాబు పత్రాలు దిద్దడానికి) పాలమూరు యూనివర్సిటీకి వెళ్లినప్పుడు వేరే కాలేజీల వాళ్ల బైలాలు అడిగి చూడండి, అక్కడ దొరికినంత సమాచారం ఎక్కడా దొరకదు. రిజిస్ట్రేషన్ అయ్యాక ప్రిన్సిపాల్ గారికి రాసే మొదటి ఉత్తరంలో డిమాండ్లు పెట్టకండి. సర్టిఫికెట్ నకలు, కార్యవర్గం పేర్లు జతచేసి, స్టాఫ్ రూములో ఒక నోటీసు బోర్డు, మూడు నెలలకోసారి మేనేజ్‌మెంట్‌తో సమావేశం అడగండి. ఆ ఉత్తరం అందినట్టు రెండో కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి.