క్రోషే అల్లుతుంటే అంచులు ఎందుకు సన్నబడిపోతున్నాయి?

క్రోషే, అంటే కొస కొక్కెంలా ఉండే సూదితో దారం అల్లడం, కొత్తగా నేర్చుకుంటున్న మీరు, అల్లే చదరం పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోందని రాశారు. అంత మాత్రాన మీకు పని రావట్లేదని కాదండి. ప్రతి వరుస చివరా ఒక కుట్టు తప్పిపోతోంది, అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి ఇలాగే అవుతుంది. చైన్ (ఒకదానిలోంచి ఒకటి లాగే లూపుల గొలుసు), డబుల్ క్రోషే (సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్టు) వచ్చాయి, తరువాత ఏ కుట్టు నేర్చుకోవాలని కూడా అడిగారు. నా మాట విని కొన్నాళ్లు కొత్త కుట్ల జోలికి వెళ్లకండి. వేసిన కుట్టును కంటితో గుర్తుపట్టడం ముందు రావాలి.

నాకు ఈ పని నేర్పింది మా అత్తగారు. వాళ్లది నరసాపురం దగ్గర పల్లె. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఇప్పటికీ సాగుతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఆవిడ నాకు మొదట లేసు దారం ముట్టనివ్వలేదు. లావు ఊలు, లావు సూది చేతికిచ్చి, "కుట్టు కనిపించాలి కదమ్మా, కనిపించనిది ఎలా లెక్కపెడతావ్?" అన్నారు. నేనూ ఎవరికి నేర్పినా అలాగే మొదలుపెట్టిస్తాను. లేత రంగు, నున్నటి దారం, 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. నలుపు, ముదురు నీలం, నూగునూగుగా ఉండే ఫ్యాన్సీ ఊలు ఇప్పుడు వద్దు.

ఇక మీ చదరం సంగతి. చైన్‌ను మీ వైపు తిప్పి చూస్తే చిన్న జడలా కనిపిస్తుంది. ఒక్కో పాయ ఒక్కో కుట్టు. సూది మీద ఉన్న లూపును, మొదట వేసిన ముడిని లెక్కలోకి తీసుకోకూడదు. 15 కుట్ల వెడల్పుతో డబుల్ క్రోషే చదరం కావాలంటే 17 చైన్లు వేయండి. సూది నుంచి లెక్కపెట్టి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ వేయండి. వదిలేసిన మూడు చైన్లు కలిపి ఒక కుట్టు కిందే లెక్క. చివరిదాకా వెళ్తే 14 డబుల్స్ వస్తాయి, దాంతో కలిపి 15.

తప్పిపోయేది రెండో వరుసలో. పని తిప్పి మూడు చైన్లు వేస్తాం కదా, ఆ మూడూ ఈ వరుసలో మొదటి కుట్టు. కాబట్టి దాని కాళ్ల దగ్గరున్న కుట్టును వదిలేసి, పక్కదాంట్లో సూది గుచ్చాలి. పైన కనిపించే రెండు పోగుల కిందనుంచీ గుచ్చండి, ఒక్క పోగే పట్టుకుంటే గీతలా పడుతుంది. వరుస చివరికి వచ్చాక, కింది వరుసలో వదిలిన ఆ మూడు చైన్ల కొస సన్నగా, పక్కకు వాలి ఉంటుంది. అది కుట్టులా అనిపించదు, అందుకే అక్కడ ఆపేసి తిప్పేస్తాం. ఆఖరి డబుల్ పడాల్సింది సరిగ్గా ఆ కొసలోనే. గుర్తు కోసం, తిరిగేటప్పుడు వేసే మూడో చైన్‌కు ఒక సేఫ్టీ పిన్ పెట్టండి. తిరిగి వచ్చేసరికి పిన్ ఉన్న చోటే ఆఖరి కుట్టు. ప్రతి వరుసా లెక్కపెట్టండి. 14 వస్తే ఆ వరుస మాత్రమే విప్పండి, టెన్షన్ పడొద్దు. క్రోషేలో సూది మీద ఉండేది ఒక్క లూపే కాబట్టి లాగితే వస్తుంది, మళ్లీ ఎక్కించుకోవడమూ తేలికే.

సింగిల్ క్రోషే (సూదికి ముందుగా దారం చుట్టకుండా వేసే పొట్టి కుట్టు) అయితే ఈ తంటా తక్కువ. 16 చైన్లు వేసి రెండోదాంట్లోంచి మొదలుపెడితే 15 వస్తాయి. తిరిగేటప్పుడు ఒక్క చైన్ వేస్తాం, దాన్ని కుట్టుగా లెక్కపెట్టం. మొదటి కుట్టులోనే సూది గుచ్చాలి.

మొదట వేసే చైన్ వరుస బిగుసుకుపోయి సూది దూరకపోతే, లూపును కొక్కెం దగ్గరి సన్నటి మెడ మీద బిగిస్తున్నారని అర్థం. దాన్ని కాస్త వెనక్కి, సూది లావుగా ఉన్న చోటికి జారనివ్వండి. దారాన్ని చిటికెన వేలికి ఒకసారి చుట్టి, చూపుడు వేలి మీదుగా తెచ్చుకుంటే అదే సమంగా జారుతుంది. అప్పటికీ బిగుస్తుంటే ఆ చైన్ వరుసకు మాత్రం అర మిల్లీమీటరు పెద్ద సూది వాడండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి. అమెరికావాళ్లు సింగిల్ అనేదాన్ని బ్రిటిష్‌వాళ్లు డబుల్ అంటారు, అమెరికా డబుల్ వాళ్లకు ట్రెబుల్. నేను పైన చెప్పినవన్నీ అమెరికా పేర్లే. వీడియో ఒకటి, పుస్తకం ఒకటి పెట్టుకుని నేర్చుకుంటున్నారేమో, రెండూ ఏ పద్ధతివో ముందే చూడండి.

అంచులు నిటారుగా వచ్చాక గ్రానీ స్క్వేర్ (మధ్యలోంచి చుట్టూ అల్లుకుంటూ పోయే చదరం) మొదలుపెట్టొచ్చు. చూడ్డానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ, మామూలు గ్రానీలో ఉండేవి చైన్, డబుల్, స్లిప్ స్టిచ్ మాత్రమే. మీకు కొత్తది స్లిప్ స్టిచ్ ఒక్కటే. సూది గుచ్చి, దారం తగిలించి, గుచ్చిన కుట్టులోంచీ, సూది మీది లూపులోంచీ ఒకేసారి లాగేయడమే.