షేర్‌పాయింట్‌లో స్క్రిప్టు మొరాయిస్తే

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లూ, సైట్లూ నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) సర్వర్లు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. రేపోమాపో పవర్‌షెల్ (కమాండ్లు కొట్టే విండో) తెర నిండా ఎర్రక్షరాలు బారులు తీరతాయి. కంగారుపడి స్క్రిప్టును కెలక్కు. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిందంటే, ముందు దాన్ని నడిపే ఖాతానీ, నడిచే మెషీన్నీ అనుమానించు.

నీకు మాటిమాటికీ ఎదురయ్యేది ‘లోకల్ ఫార్మ్ ఈజ్ నాట్ యాక్సెసబుల్’. ఫార్మ్ అంటే కలిసి పనిచేసే షేర్‌పాయింట్ సర్వర్ల గుంపు. దాని వెనకాల ‘ఫీచర్ డిపెండెన్సీ ఐడీ’ అని ఒక తోక ఉంటుంది. ఆ తోక పట్టుకుని గూగుల్లో ఈదకు. ఫార్మ్ సెట్టింగులు దాచే కాన్ఫిగరేషన్ డేటాబేస్ దాకా నువ్వు చేరలేకపోయావని దాని భావం, అంతే. షెల్‌ను రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచావా? నువ్వు అడ్మిన్ గ్రూపులో ఉన్నా సరే, అలా తెరవకపోతే విండోస్ నీకు మామూలు యూజర్ హక్కులే ఇస్తుంది. అది సరిగ్గానే ఉంటే, ఆ డేటాబేస్ ఉండే ఎస్‌క్యూఎల్ సర్వర్ లేచి ఉందో లేదో చూడు. అదీ బాగుంటే ఇక మిగిలింది షెల్ అడ్మిన్ హక్కు, అంటే పవర్‌షెల్‌తో డేటాబేస్‌ను అందుకునే అనుమతి.

ఆ హక్కు ఇచ్చే కమాండ్ యాడ్-ఎస్‌పీషెల్‌అడ్మిన్. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. యూజర్ నేమ్ ఒక్కటే ఇచ్చి వదిలేస్తే హక్కు కాన్ఫిగరేషన్ డేటాబేస్ వరకే వస్తుంది. సైట్లలోని సమాచారం ఉండే కంటెంట్ డేటాబేస్‌లకు రాదు. అందుకే ఫార్మ్ తెరుచుకున్నట్టే ఉండి, సైట్ లోపలికి వెళ్లగానే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. గెట్-ఎస్‌పీకంటెంట్‌డేటాబేస్‌తో జాబితా తీసి, ఒక్కో డేటాబేస్‌కూ విడివిడిగా ఇవ్వాలి. తర్వాత కొత్త కంటెంట్ డేటాబేస్ చేరిస్తే దానికీ మళ్లీ ఇవ్వాలి. ఈ కమాండ్ నడిపేవాడికి ఎస్‌క్యూఎల్‌లో సెక్యూరిటీఅడ్మిన్ రోల్, ఆ డేటాబేస్ మీద డీబీ ఓనర్ హక్కు ఉండాలి. కాబట్టి డేటాబేస్‌లు చూసుకునే డీబీఏతో మంచిగా ఉండు, ఎప్పటికైనా అవసరం పడుతుంది.

‘టర్మ్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్’ అని వస్తే అది చిన్న జబ్బే, షెల్‌కు షేర్‌పాయింట్ కమాండ్లు ఇంకా తెలియవంతే. షేర్‌పాయింట్ 2019 దాకా ఉన్న వెర్షన్లలో వాటిని తెచ్చుకోవడానికి ముందు యాడ్-పీఎస్‌స్నాపిన్ కొట్టాలి. ఆ తర్వాతి వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌లో అది మాడ్యూల్‌గా మారింది, పాత లైన్ తీసెయ్. ఎక్స్86 (32-బిట్) అని రాసి ఉన్న షెల్ జోలికి పోకు. ఫార్మ్‌లో లేని నీ ల్యాప్‌టాప్ మీద కూడా ఇవి నడవవు.

ఎర్రక్షరాలు లేని తప్పు ఇంకా ప్రమాదం. గెట్-ఎస్‌పీసైట్ మామూలుగా 20 సైట్ కలెక్షన్లే (ఒక ప్రధాన సైటూ, దాని ఉపసైట్లూ కలిస్తే ఒక కలెక్షన్) ఇస్తుంది. నీ దగ్గర మూడొందలుంటే, స్క్రిప్టు ఇరవైకి పనిచేసి హాయిగా ముగుస్తుంది. మిగతావి వదిలేశానని పసుపు రంగులో ఒక హెచ్చరిక వేస్తుంది గానీ, రాత్రి షెడ్యూల్‌లో నడిస్తే దాన్నెవరు చూస్తారు? ‘లిమిట్ ఆల్’ పెట్టడం అలవాటు చేసుకో.

ట్రై-క్యాచ్ (తప్పు వస్తే పట్టుకునే కోడ్) రాశాను కదా అని నిశ్చింతగా ఉండకు. చాలా కమాండ్లు తప్పు చూపించి ముందుకు సాగిపోతాయి, క్యాచ్ దాకా రానే రావు. ‘ఎర్రర్ యాక్షన్ స్టాప్’ పెడితేనే ఆగుతాయి. అలా పెట్టని స్క్రిప్టులో ఎర్రర్లు వరసగా పడితే మొదటిది చదువు. పవర్‌షెల్ తప్పులన్నీ పోగేసే డాలర్ ఎర్రర్ జాబితాలో సున్నా నంబరుది అన్నిటికంటే కొత్తది, అసలు మూలం అడుగున ఉంటుంది. స్క్రిప్టు మొదట్లోనే ఆ జాబితాను క్లియర్ చేస్తే నిన్నటి చెత్త కలవదు.

లిస్టులో పాత ఐటమ్‌లు తుడిచే పని వస్తే జాగ్రత్త. ఫర్‌ఈచ్ (ఒక్కోదాన్నీ వరసగా తీసుకునే లూప్)లో తిరుగుతూ తుడిస్తే ‘కలెక్షన్ వాజ్ మాడిఫైడ్’ అంటుంది. ముందు నుంచి నంబరుతో తుడిస్తే ఇంకా ఘోరం: సున్నా పోగానే ఒకటోది సున్నా అవుతుంది, నువ్వు ఒకటికి జరుగుతావు, ఒకటి విడిచి ఒకటి మిగిలిపోతాయి. కౌంట్‌లోంచి ఒకటి తీసేసి, అక్కడి నుంచి సున్నా దాకా వెనక్కి రా. డిలీట్ బదులు రీసైకిల్ మెథడ్ వాడు. డిలీట్ అయినది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. స్క్రిప్టులో తెరిచిన ప్రతి వెబ్‌నూ (అంటే సైట్‌నూ) ఆ చుట్టులోనే డిస్పోజ్ చేసి వదిలెయ్యి, లేదంటే మెమరీ తినేస్తుంది.

ఇవేవీ కాకపోతే యూఎల్ఎస్ లాగ్ (షేర్‌పాయింట్ తనలో జరిగేవి రాసుకునే ఫైళ్లు) చూడాల్సిందే. తప్పు జరిగిన సమయం రాసుకుని, మెర్జ్-ఎస్‌పీలాగ్‌ఫైల్‌కు దానికి అటూ ఇటూ ఐదు నిమిషాలు ఇవ్వు, అన్ని సర్వర్ల లాగులూ ఒకే ఫైల్లోకి వస్తాయి. ఇంకా లోతుగా కావాలని సెట్-ఎస్‌పీలాగ్‌లెవెల్‌తో వెర్బోస్ (ప్రతిదీ వివరంగా రాసే స్థాయి) పెడితే, పని కాగానే మళ్లీ మామూలు స్థాయికి తెచ్చే క్లియర్-ఎస్‌పీలాగ్‌లెవెల్ కొట్టు. మర్చిపోతే లాగులతో డిస్క్ నిండుతుంది.

ఉంటాను,
మావయ్య