‘ది’ ఉంది, నామవాచకం ఏది?

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో తప్పులు పట్టే ప్రశ్నల్లో ‘ది పూర్’, ‘ది ఇంజూర్డ్’ లాంటివి వస్తే తికమకపడుతున్నాను. ఎలా సాధన చేయాలి?

జవాబు: ఆర్టికల్ (‘ఎ’, ‘యాన్’, ‘ది’) కనబడగానే దాని నామవాచకం ఎక్కడుందో వెతకండి. ఆర్టికల్ ఆ నామవాచకానిదే. మధ్యలో విశేషణం వస్తే మారేది ‘ఎ’నా, ‘యాన్’ఆ అన్నదే. ‘యాన్ ఐడియా’ కాస్తా ‘ఎ యూజ్‌ఫుల్ ఐడియా’ అవుతుంది. స్పెల్లింగ్ కాదు, వినబడే శబ్దమే లెక్క. నామవాచకమే లేకుంటే ‘ఎ’, ‘యాన్’ రావు. ‘షి ఈజ్ యాన్ ఆనెస్ట్’ తప్పు.

మీరు చిక్కుకుంటున్నది నామవాచకం లేకుండానే ‘ది’ వచ్చే చోట. తెలుగులో ‘పేద’కు ‘లు’ చేరిస్తే పేదలందరూ వచ్చేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ పని ముందున్న ‘ది’ చేస్తుంది. కాబట్టి చివర మళ్లీ ‘ఎస్’ అక్కర్లేదు, ‘ది పూర్స్’ తప్పు. అర్థం బహువచనం కనుక ‘ది పూర్ ఈజ్’ కాదు, ‘ది పూర్ ఆర్’. చాలామంది ఆర్టికల్‌నే అనుమానిస్తూ కూర్చుంటారు, తప్పేమో క్రియలో దాక్కుని ఉంటుంది! ఒక్కడి గురించే చెప్పాలంటే ‘ది పూర్ మ్యాన్’ అనాల్సిందే.

పార్టిసిపుల్స్‌కూ, అంటే విశేషణాల్లా వాడే క్రియారూపాలకూ ఇదే సూత్రం: ‘ది ఇంజూర్డ్ వర్’, ‘ది అన్‌ఎంప్లాయ్డ్ ఆర్’. అయితే ‘ది అక్యూజ్డ్’, ‘ది డిసీస్డ్’ (మరణించినవారు) ఒక్కరికీ వాడతారు, పలువురికీ వాడతారు. వాక్యంలో ‘హిజ్’ ఉందా, ‘దెయిర్’ ఉందా చూసి ‘వాజ్’, ‘వర్’ తేల్చుకోండి. ‘ది అన్‌నోన్’, ‘ది ఇంపాజిబుల్’ మనుషులను కాక భావాన్ని చెబితే ఏకవచనం.

‘రిచ్ అండ్ పూర్ అలైక్’ వంటి జంటల్లో ‘ది’ లేకపోవడం తప్పు కాదు. తొందరపడి గుర్తు పెట్టేయకండి.

‘ఐఎన్‌జీ’ రూపాన్ని నామవాచకంగా వాడి, వెనక కర్మ పెట్టినప్పుడు ‘ఆఫ్’ ఉందో లేదో చూడండి. ‘ది రైటింగ్ ఆఫ్ లెటర్స్’ ఒప్పు, ‘రైటింగ్ లెటర్స్’ ఒప్పు. ‘ఉత్తరాలు రాయడం’ అనే అర్థంలో ‘ది రైటింగ్ లెటర్స్’ తప్పు.

సాధనకు ఇంగ్లిష్ పత్రికల్లోని ప్రమాద, కోర్టు వార్తలు పనికొస్తాయి. ‘ది ఇంజూర్డ్’, ‘ది అక్యూజ్డ్’ తరచూ తగిలేది అక్కడే. రోజూ పది వాక్యాలు తీసి, ‘ది’ కింద గీత గీయండి. నామవాచకం లేని చోట క్రియను పక్కన రాసి, అది ఏకవచనమో బహువచనమో, ఎందుకో ఒక్క ముక్కలో రాయండి.