క్రాకోవ్ వెళ్లే ముందు ఒకసారి చదువుకో

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ నెలాఖరున ముగ్గురు స్నేహితులతో కలిసి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నుంచి క్రాకోవ్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ కూడా చూపించింది. రెండు రోజుల్లో పాత ఊరు, కోట, ఉప్పు గని, నాజీల మారణ శిబిరం ఆష్విట్జ్, రాత్రికి తిరుగు ప్రయాణం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నేను ఆ ఊరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మీ పెదనాన్నతో టూర్ ప్యాకేజీలో. రెండోసారి మీ అన్నయ్యకి అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు వాడి దగ్గర రెండు నెలలు ఉన్నాను. మొదటిసారి ప్యాకేజీ వాళ్లు పొద్దున ఆష్విట్జ్, మధ్యాహ్నం ఉప్పు గని అని ఒకే రోజులో పెట్టారు. ఆష్విట్జ్‌లో ఒక గది నిండా సూట్‌కేసులుంటాయి. అక్కడికి తీసుకొచ్చినవాళ్లు, తిరిగి వెళ్తామనుకుని, సామాను మారిపోకుండా తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో పేర్లు రాసుకున్నారు. అది చూసి బయటికొచ్చాక చేతిలో శాండ్‌విచ్ పెట్టి వ్యాన్ ఎక్కించారు. గంటన్నర తర్వాత గనిలో గైడు ఏదో చెబుతున్నాడు, అందరూ ఫొటోలు దిగుతున్నారు, నాకు మాత్రం ఆ పేర్లే కనబడుతున్నాయి. ఆ రోజు గని చూశానని చెప్పుకోలేను. ఆష్విట్జ్‌కి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చానని కూడా చెప్పుకోలేను. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

అందుకే మొట్టమొదట చెప్పేది, ఇంకొక్క రోజు సంపాదించు. క్లాసు పోతే నోట్స్ ఎవరినైనా అడగొచ్చు. ఆష్విట్జ్‌కి ఒక రోజు పూర్తిగా వదిలెయ్, ఆ సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకు. ప్రవేశం ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు మీద బుక్ చేసుకోవాలి. పేరు సరిచూస్తారు, కాబట్టి పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో దగ్గరుంచుకోండి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. క్రాకోవ్ బస్టాండు రైల్వే స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, అక్కడి నుంచి బస్సులో గంటన్నర. చిన్న డబ్బాల్లో పులిహోర కట్టుకెళ్లండి, బయటికొచ్చాక తిందురు గాని. చాలామంది మొదటి శిబిరం చూసి అలసిపోయి వెనక్కి వచ్చేస్తారు. మీరలా చెయ్యొద్దు. మూడు కిలోమీటర్ల దూరంలో రెండో శిబిరం బిర్కెనౌ ఉంది, రెండింటి మధ్య బస్సు తిరుగుతుంది. ఆష్విట్జ్‌లో చంపేసిన 11 లక్షల మందిలో దాదాపు 10 లక్షల మంది యూదులు. అంత పెద్ద అంకె మనసుకి ఎక్కదు. బిర్కెనౌ గేటు లోంచి వెళ్లే రైలు పట్టాల పక్కన నడిస్తే, ఆ చోటు ఎంత విశాలమో చూస్తే, అప్పుడు కొంచెం అర్థమవుతుంది. ఆ పట్టాల మీద నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లు కనబడతారు. మీ నలుగురిలో ఎవరూ ఆ పని చెయ్యకుండా చూసుకో. ఇది పెద్దమ్మ మాటగా చెప్పు వాళ్లకి.

ఇక ఊరు. పాత ఊరి మధ్యలో ఉండే పెద్ద చౌకుని రినెక్ అంటారు. 1257లో గీత గీసినట్టు వేసిన చౌకు, ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు. పగలు వెళ్తే జనం తప్ప ఏమీ కనబడదు. పొద్దున్న ఏడింటికల్లా వెళ్లు. పూలమ్మేవాళ్లు బకెట్లు సర్దుకుంటుంటారు, నీలం బండ్ల మీద ఓబ్వజానెక్ రొట్టెలు అప్పుడే వస్తాయి. మెలితిప్పిన గాజులా ఉంటుంది, గసగసాలు చల్లింది తీసుకో. అది తింటూ సెయింట్ మేరీ చర్చి ఎదురుగా నిలబడు. సరిగ్గా గంటకి ఎత్తైన బురుజు మీంచి ట్రంపెట్ వాయిస్తారు, దాన్ని హెయ్నావు అంటారు. నాలుగు దిక్కులకీ నాలుగుసార్లు. మొదట రాజుగారి కోట వైపు. ప్రతిసారీ రాగం మధ్యలో టక్కున ఆగిపోతుంది. 1241లో తాతార్లు దండెత్తి వచ్చినప్పుడు, హెచ్చరిక ఊదుతున్న కాపలాదారు గొంతులో బాణం దిగిందనీ, అతను ఆపిన చోటే నేటికీ ఆపుతున్నారనీ కథ. అది కథే. కానీ రోజంతా, రాత్రంతా గంటగంటకీ వాయించేది ఫైర్ సర్వీస్ సిబ్బంది, అది మాత్రం నిజం. చౌకు వైపు వాయించాక కిందికి చెయ్యి ఊపుతారు, నువ్వూ ఊపు. రెండు నెలల్లో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ రాగం తెగిపోయిన క్షణంలో చౌకులో మాటలు ఒక్కసారి తగ్గుతాయి, ప్రతిసారీ.

అదే చర్చి లోపల వైట్ స్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా పన్నెండేళ్లు చెక్కిన కొయ్య పూజాపీఠం ఉంది. మామూలు రోజుల్లో పన్నెండుకి పది నిమిషాల ముందు దాని రెక్కలు తెరుస్తారు. టికెట్ కొనుక్కుని ముందు వరసలో కూర్చో. బంగారు రంగు చూసి అక్కడితో ఆగకు, చేతులు చూడు. మేరీ మాతని పట్టుకున్న ముసలాయన చేతుల మీద నరాలు ఉబ్బి ఉంటాయి, కీళ్లు అరిగిపోయినట్టుంటాయి. మా తాతగారి చేతులు అచ్చం అలాగే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దీన్ని ఊడదీసి జర్మనీకి పట్టుకుపోయారు, 1946లో మళ్లీ తెచ్చుకున్నారు.

వావెల్ కోట ఎలాగూ చూస్తారు. ఒక్కో భాగానికి ఒక్కో టికెట్, అన్నీ కొనకండి. కెథడ్రల్, 1520లో పోసిన సిగిస్మండ్ గంట చాలు.

మీ ప్లాన్‌లో అసలు లేనివి కజీమ్యెష్, పొద్గూజె అనే పేటలు. నాకు ఆ ఊరు అర్థమైంది అక్కడే. యుద్ధంలో వార్సాని నేలమట్టం చేశారు కదా, క్రాకోవ్ భవనాలు చాలావరకు అలాగే మిగిలాయి. అందుకే అందరూ ‘ఎంత బాగా మిగిలిందో’ అంటారు. కానీ యుద్ధానికి ముందు ఊళ్లో నలుగురిలో ఒకరు యూదులు, అరవై వేలకు పైగా. వాళ్ల గుళ్లు, ఇళ్లు, వీధులు ఉన్నాయి, వాళ్లు లేరు. కజీమ్యెష్‌లో రెము సినగాగ్ (యూదుల గుడి) వెనక శ్మశానానికి వెళ్లు. నాజీలు పగలగొట్టిన సమాధి రాళ్ల ముక్కలన్నీ ఏరి ఒక గోడ కట్టారు. సగం అక్షరాలు, సగం సింహం బొమ్మ, ఎవరిదో తెలియని పేరులో ఒక ముక్క.

అక్కడి నుంచి నడక వంతెన మీద విస్తులా నది దాటితే పొద్గూజె. 1941 మార్చిలో ఊళ్లో మిగిలిన యూదుల్ని అక్కడే గోడ కట్టి బంధించారు, 1943 మార్చిలో ఖాళీ చేయించారు. అక్కడి చౌకులో 70 లోహపు కుర్చీలు, దూరదూరంగా, ఎవరూ లేకుండా. మనుషుల్ని తీసుకుపోయాక వీధిలో పడి ఉన్న సామాన్లకి గుర్తుగా పెట్టారు. మూలనున్న మందుల షాపు ఇప్పుడు మ్యూజియం. తాదేయుష్ పాంకేవిచ్ అనే పోలిష్ ఫార్మసిస్టు ఆ గోడల మధ్యే షాపు నడిపాడు. ముసలివాళ్లు పనికి రారని తీసుకుపోకుండా జుట్టుకి రంగు ఇచ్చేవాడు, దాచిపెట్టిన పసిపిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చేవాడు. ఆ చెక్క సొరుగులు చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. యూదుల్ని పనిలో పెట్టుకుని కాపాడిన జర్మన్ వ్యాపారి షిండ్లర్ ఫ్యాక్టరీ మ్యూజియం అక్కడికి దగ్గరే, దానికీ ముందే బుక్ చేసుకోండి.

ఉప్పు గనికి సగం రోజు చాలు. మొదట్లోనే 380 మెట్లు దిగాలి, పైకి లిఫ్ట్ ఉంటుంది. 101 మీటర్ల లోతులో ఉప్పుతోనే చెక్కిన చర్చి బాగుంటుంది, షాండిలియర్ల పలుకులూ ఉప్పే.

ఇంకో ముఖ్యమైన సంగతి. నవంబరు 1 మీకు అక్కడే వస్తుంది. ఆ రోజు పోలండ్ అంతా తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్తారు, మన మహాలయ పక్షంలా అనుకో. షాపులు, చాలా మ్యూజియంలు మూసేస్తారు, గని కూడా. రైళ్లు కిటకిటలాడతాయి కాబట్టి సీటు ఇవాళే బుక్ చెయ్యి. ఆ రోజుకి ఇంకే ప్లానూ వద్దు. నాలుగున్నరకే చీకటి పడుతుంది, అప్పుడు రకోవిత్స్కీ శ్మశానానికి వెళ్లండి. వేల దీపాలు, ఎర్రవీ పచ్చవీ గాజు గిన్నెల్లో. మైనం వాసన, తడి ఆకుల వాసన. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరుగుతుంటారు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. గేటు దగ్గర దీపాలు అమ్ముతారు, తలా ఒకటి కొనండి. ఎవరూ రాని పాత సమాధి ఏదో ఒకటి చీకట్లో ఉంటుంది, అక్కడ పెట్టండి. నేను అలా పెడుతుంటే పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. భాష తెలియలేదు గానీ, ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

చలికి ఉన్ని సాక్సులు రెండేసి జతలు పెట్టుకో. నాకేమీ తేవద్దు, ఆ రొట్టె సాయంత్రానికే గట్టిపడిపోతుంది.

పెద్దమ్మ